హాగరును ఎవరడిగిరి?

వాక్యభాగములు: ఆదికాండము 16:1–14, 21:9–21



అబ్రాహాము కుటుంబ చరిత్ర మనలో ఎరుగనివారు లేరు. ఆదివారపు బడి పిల్లలు సహా దానిని తడుముకొనకుండ చెప్పగలరు. అయితే ఆ చరిత్రలో ఒక స్త్రీయొద్ద మనము నిలువక త్వరగా దాటిపోవుదుము. ఆమె హాగరు. శారయికి సంతానము లేదు. ఆమె తన ఐగుప్తు దాసిని భర్తకు అప్పగించెను. భర్త అందుకు సమ్మతించెను. యజమానురాలు నిర్ణయించెను, యజమానుడు ఒప్పుకొనెను, హాగరు గర్భవతి ఆయెను. ఈ మూడు సంగతుల నడుమ హాగరును ఎవరడిగిరి? అధ్యాయమంతయు వెదకినను అట్టి ప్రశ్న ఆ యింటిలో ఎవరినోటను వినబడదు. ఆమె పేరైనను ఆ యింటివారు పలికినట్లు లేదు. శారయి ఆమెను దాసి అనెను, అబ్రామును దాసియే అనెను.

ఆమెను పేరు పెట్టి పిలిచినవాడు అరణ్యములో నీటి ఊటయొద్ద కనబడిన దేవుని దూత. ఆయన మొదట ఆజ్ఞాపించలేదు, మొదట ప్రశ్నించెను. ఎక్కడనుండి వచ్చితివి, ఎక్కడికి పోవుచున్నావు అని అడిగెను. అంతవరకు ఎవరును అడుగని స్త్రీని దేవుడు అడిగెను. అందువలననే ఆమె ఆయనను తన్ను చూచు దేవుడని పేరు పెట్టి పిలిచినది. లేఖనములలో దేవునికి పేరు పెట్టిన మొదటి మనిషి పితరుడు కాడు, ప్రవక్త కాడు. కడుపుతో పారిపోవుచున్న ఒక దాసి.

ఈ నెల నేను మీ ముందుంచదలచిన ప్రశ్న ఇదే. బిడ్డను కనుట, కనకపోవుట, పెంచుట అను విషయములలో మన యిండ్లలోని స్త్రీలను మనము అడుగుచున్నామా? అడుగకపోవుట పాపమా, లేక వట్టి ఆచారమా?

1994లో అమెరికాలోని చికాగో పట్టణమున కూడుకొన్న కొందరు నల్లజాతి స్త్రీలు ఈ విషయమును న్యాయమను మాటతో జోడించిరి. వారి ఆలోచన క్రమముగా మూడు మెట్లుగా నిలిచినది. బిడ్డను కనకుండుటకు స్త్రీకి హక్కు కలదు. కనుటకును హక్కు కలదు. కనిన బిడ్డలను క్షేమముగా పెంచుకొనుటకును హక్కు కలదు. బానిసత్వ దినములలో వారి పితామహుల తల్లులు యజమానుల లాభము కొరకు బిడ్డలను కనవలసివచ్చెను, కనిన బిడ్డలను సంతలో పోగొట్టుకొనవలసివచ్చెను. గనుక ఆ మూడు మాటలు వారికి పుస్తకములనుండి కాదు, బ్రదుకునుండి వచ్చినవి. ఆ స్త్రీలు దూరదేశస్థులైనను వారి మాట మనకు అన్యము కాదు. కూలినాలి చేసికొని బ్రదుకు మన సంఘములకు అది మరి దగ్గర. ఆ మూడింటిని లేఖనముల వెలుగులో పరీక్షింతము.

మొదటిది: కనకుండుట

మన గ్రామములలో ఇద్దరు బిడ్డలు పుట్టగానే ఆపరేషను మాట వచ్చును. ఎవరికి ఆపరేషను అను ప్రశ్న మాత్రము రాదు. అది స్త్రీకే అని ముందే తీర్మానమై యుండును. 2019–21లో జరిగిన 5వ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ఈ ఆపరేషను చేయించుకొన్నవారే. పురుషుల ఆపరేషను మీద ఆధారపడిన జంటలు నూటికి ఒక్కటి కూడ లేవు. పురుషులకు చేయునది చిన్న పని. కడుపు తెరువనక్కరలేదు, మత్తు సూది కొద్దిచోట చాలును, అదే దినమున ఇంటికి నడచి పోవచ్చును. స్త్రీకి చేయునది కడుపులోనికి పోవు ఆపరేషను. తేలికయైన భారమును బలవంతుడు తప్పించుకొని, బరువైన దానిని బాలింతరాలి మీద మోపుట ఏ న్యాయము?

దీనికి ఒక చరిత్ర కలదు. అత్యవసర పరిస్థితి కాలమున, 1976–77 సంవత్సరములో, దేశమందు 80 లక్షలకు పైగా ఈ ఆపరేషనులు జరిగెను. వాటిలో ఎక్కువ భాగము పురుషులకే. అనేకులను బలవంతముగా పట్టుకొనిపోయిరి. ప్రజలు కోపించిరి, 1977 ఎన్నికలలో ప్రభుత్వము పడిపోయెను. అటుతరువాత ఏ ప్రభుత్వమును పురుషుని జోలికి పోవ సాహసింపలేదు. భారమంతయు స్త్రీవైపు మరలినది. పురుషులు అరచిరి గనుక విడువబడిరి, స్త్రీలు అరువలేదు గనుక పట్టబడిరి.

ఆ మౌనమునకు వెల కలదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ యొద్ద ఒకే శిబిరములో 83 మంది స్త్రీలకు కొద్ది గంటలలో ఆపరేషనులు చేసిరి. ఆ దినములలో అక్కడ పదిమందికి పైగా తల్లులు మరణించిరి. 2016లో సుప్రీంకోర్టు ఇట్టి శిబిరములను మూడేండ్లలో మానిపించవలెనని ఆజ్ఞాపించినది. అయినను 2022 ఆగస్టు 25న మన తెలంగాణలోని ఇబ్రహీంపట్నములో ఒకే దినమున 34 మందికి ఆపరేషను చేయగా నలుగురు చనిపోయిరి. ఆ నలుగురి యిండ్లలో పాలు మరచియు మరువని పిల్లలుండిరి.

ఆపరేషను పాపమని నేను చెప్పుట లేదు. ఎందరు పిల్లలు కావలెనో ఆలోచించుకొనుట గృహనిర్వాహకత్వములో భాగమే. అయితే పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయము 4వ వచనమును తెరచి చూడుడి. భార్య దేహముమీద భర్తకు అధికారమున్నదని చెప్పు మొదటి సగమును మన పురుషులు కంఠస్థము చేసియున్నారు. భర్త దేహముమీద భార్యకును అట్టి అధికారమే కలదని చెప్పు రెండవ సగమును చదువక పుస్తకము మూయుదురు. ఆ కాలపు లోకములో మొదటి సగము ఎవరికిని క్రొత్త కాదు. రెండవ సగమే సువార్త. ఆ వచనమును నమ్మిన భర్త తన భార్యతో కూర్చుండి, ఈ భారమును మనలో ఎవరు మోయుదుమని అడుగవలెను. ఆపరేషను వలన పొలము పనికి బలము తగ్గునను భయము పురుషులలో కలదు. అది నిజము కాదని వైద్యులు చెప్పుచున్నారు.

ఇంకొక సంగతి. గర్భసంచి తీయించుట మన ప్రాంతములో సాధారణమైపోయినది. అదే సర్వే ప్రకారము దేశమంతటిలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి ముగ్గురికి గర్భసంచి తీసివేయగా, ఆంధ్ర తెలంగాణలలో నూటికి ఎనిమిది తొమ్మిది మందికి తీసివేసిరి. తెల్లబట్ట అయినదనియో నెలసరి ఎక్కువైనదనియో వెళ్లిన కూలి స్త్రీకి, ఉంచిన క్యాన్సరగునని భయము పుట్టించుట, ఇంటివారు మెడలోని బంగారము కుదువబెట్టుట, ముప్పది అయిదేండ్లకే ఆమె ముసలితనపు నొప్పులతో మంచము పట్టుట, ఇది మనము చూచుచున్నదే. అండములుండు సంచులు కూడ తీసివేసినయెడల ఎముకల బలము ముందుగానే తగ్గిపోవును. కొన్ని వ్యాధులకు ఈ ఆపరేషను నిజముగా ప్రాణరక్షణయే. అయితే మరియొక డాక్టరును అడుగకుండ, మందులతో తగ్గునేమో చూడకుండ ఒప్పుకొనవద్దు.

మార్కు సువార్త 5వ అధ్యాయములో పండ్రెండేండ్లు రక్తస్రావముతో బాధపడి, వైద్యులకు ఉన్నదంతయు వ్యయము చేసి, మరింత క్షీణించిన స్త్రీని చూడుడి. ఆమె చెంగు ముట్టిన క్షణముననే స్వస్థత కలిగెను గదా, ప్రభువు వెళ్లిపోవచ్చును గదా? ఆయన నిలిచెను. ఆమె తన సంగతి అంతయు చెప్పువరకు విడువలేదు. తొందరలో యాయీరు కుమార్తె ప్రాణాపాయమున ఉన్నను నిలిచి వినెను. స్వస్థపరచుటయే కాక వినుటయు రక్షణలో భాగమని ఆయన మనకు నేర్పెను.

రెండవది: కనుట

బిడ్డలు లేని స్త్రీని మన వాడలలో ఏమని పిలుతురో నేను వ్రాయనక్కరలేదు. పెండ్లి పందిటిలో ఆమెను ముందుకు రానీయరు, సీమంతమునకు పిలువరు. క్రైస్తవ గృహములలోను ఇది జరుగుచున్నదని దుఃఖముతో వ్రాయుచున్నాను. సంతానము కలుగని జంటలలో దాదాపు సగమింట పురుషునియందును కారణముండునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. అయినను పరీక్షకు ముందుగా పోవునది భార్య, రెండవ పెండ్లి బెదరింపు వినునదియు భార్యయే. ఆడపిల్ల పుట్టినను నింద ఆమెకే. బిడ్డ ఆడదో మగదో తేలుట తండ్రినుండి వచ్చు కణమువలననేయని బడిపిల్లల పుస్తకములలోనే యున్నది. కడుపులోని బిడ్డ ఆడదని తెలిసికొని తీసివేయించుటను 1994 నాటి చట్టము నిషేధించినది. చట్టము లేకున్నను క్రైస్తవునికి అది తగదు.

హన్నాను జ్ఞాపకము చేసికొనుడి. పెనిన్నా ఆమెను ఏటేట కుళ్లబొడిచెను. మంచివాడైన ఎల్కానా ఆమెను ఓదార్చబోయెను గాని ఆమె దుఃఖమును అర్థము చేసికొనలేదు. దేవాలయములోని యాజకుడే ఆమెను త్రాగుబోతని తలంచెను. సవతి, భర్త, గురువు, ముగ్గురును ఆమె హృదయము నెరుగకయే మాటలాడిరి. ఆమె నోరు తెరచి తన స్థితిని వివరించిన తరువాతనే ఏలీ తన మాట మార్చుకొని ఆశీర్వదించెను. గుడిలో ఏడ్చుచున్న స్త్రీని చూచి తొందరపడి తీర్పు చెప్పు ప్రతి కాపరికిని, ప్రతి సంఘ పెద్దకును ఇది పాఠము. ఇంకను 23వ వచనములో ఒక చిన్న సంగతి కలదు. బిడ్డ పాలు మానువరకు నేను షిలోహుకు రానని హన్నా చెప్పినప్పుడు, ఆమెకు ఏది మంచిదని తోచునో అదే చేయుమని ఎల్కానా బదులు చెప్పెను. బిడ్డ విషయములో భార్య ఆలోచనను గౌరవించిన భర్త లేఖనములలో ఉన్నాడు. మన పురుషులు ఆయనను మాదిరిగా తీసికొనవలెను.

ప్రభుత్వముల సంగతియు ఇట్లే. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము ఇద్దరికంటె ఎక్కువ మంది పిల్లలున్నవారు గ్రామ ఎన్నికలలో నిలువకూడదని చెప్పెను. ముప్పదేండ్ల తరువాత, 2024 నవంబరులో, ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నియమమును తీసివేసెను. ఇప్పుడు జననములు తగ్గిపోవుచున్నవి, ఎక్కువ మందిని కనుడని పెద్దలు చెప్పుచున్నారు. అప్పుడు తక్కువ కనుమనిరి, ఇప్పుడు ఎక్కువ కనుమనుచున్నారు. లెక్కలు మారవచ్చును, అవసరములును మారవచ్చును. అయితే స్త్రీ గర్భము ప్రభుత్వపు సాగుభూమి కాదు, ఒక యేడు వరి, మరు యేడు ప్రత్తి వేయుమని ఉత్తరువిచ్చుటకు. ఐగుప్తు రాజు ప్రసవములను తన లెక్కకు లోబరచ జూచినప్పుడు షిఫ్రా, పూయా అను ఇద్దరు మంత్రసానులు దేవునికి భయపడి ఆ మాట వినలేదు. నిర్గమకాండము 1వ అధ్యాయములో ఆ రాజు పేరు వ్రాయబడలేదు, మంత్రసానుల పేర్లు వ్రాయబడినవి.

మూడవది: పెంచుట

యాకోబు తన అన్నను కలిసికొన్న తరువాత, నాతోకూడ పయనమై రమ్మని ఏశావు పిలిచెను. యాకోబు ఒప్పుకొనలేదు. పిల్లలు పసివారు, మందలో పాలిచ్చునవి ఉన్నవి, ఒక్క దినము వడిగా తోలినను మంద చచ్చును, నేను వాటి నడకనుబట్టి మెల్లగా వచ్చెదనని చెప్పెను (ఆదికాండము 33:13, 14). గొఱ్ఱెలను ఎరిగిన మనము ఈ మాటను ఎరుగుదుము. మరి మన యింటి తల్లుల నడక చొప్పున మనము నడచుచున్నామా?

10 మందికి తక్కువ కాని పనివారున్న సంస్థలలో పనిచేయు స్త్రీకి 2017 సవరణ ప్రకారము ప్రసవమునకు 26 వారముల జీతముతో సెలవు కలదు. వరినాట్లు వేయు తల్లికి, మిరపకాయలు కోయు తల్లికి అట్టిదేమియు లేదు. తొలి బిడ్డకు 5,000 రూపాయలిచ్చు పథకము 2017లో ప్రారంభమైనది, అది మేలే. అయినను ఆమె మూడవ నెలకే పసిబిడ్డను చెట్టుకు కట్టిన ఉయ్యాలలో వేసి చేనిలో వంగుచున్నది. రక్తము చాలని తల్లికి ఇంటిలో అందరును తినిన తరువాత మిగిలిన కూడే దక్కుచున్నది. గర్భఫలము దేవుని బహుమానమని బాప్తిస్మపు ఆరాధనలో చెప్పి, ఆ బహుమానమును మోసిన చేతులకు పాలు గ్రుడ్లు ఇయ్యకపోవుట వేషధారణము కాదా?

కఠినమైన ప్రశ్న

గర్భస్రావము చేయించుకొనిన స్త్రీని గూర్చి ఏమందుమని మీరు అడుగవచ్చును. ఈ విషయమందు భక్తిగల క్రైస్తవులందరికిని ఒకే అభిప్రాయము లేదు. కడుపులోని ప్రాణమును దేవుని యెదుట తేలికగా ఎంచరాదని నేను నమ్ముచున్నాను. అదే నమ్మకముతో ఆ తల్లి ప్రాణమును తేలికగా ఎంచరాదని చెప్పుచున్నాను. చెడ్డ రక్తపోటుతో చావుబ్రదుకులలో ఉన్న తల్లి, బలాత్కారమునకు గురియైన బాలిక, నలుగురు పిల్లలతో భర్త విడిచిన స్త్రీ, వీరి సంగతులు ఒకే మాటతో తీర్చదగినవి కావు.

దేశ చట్టము 1971లో ఏర్పడి 2021లో సవరింపబడినది. 20 వారముల వరకు ఒక డాక్టరు అభిప్రాయముతోను, కొందరు స్త్రీల విషయములో 24 వారముల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయముతోను, గుర్తింపుగల ఆసుపత్రిలో దీనికి అనుమతి కలదు. వయసు నిండిన స్త్రీ సమ్మతియే చాలును. ఆమె పేరు బయటపెట్టరాదు. ఈ సంగతి తెలియక, సిగ్గుచేత, కర్రలు వేర్లు వాడువారియొద్దకు పోయి ప్రాణములు పోగొట్టుకొన్నవారున్నారు. ఆమెను అటు పంపినది ఎవరి నాలుకలు? మనవి కావా?

సంఘ క్రమశిక్షణ అని చెప్పి అట్టి స్త్రీని ప్రభుభోజనమునకు దూరము చేయుట కొన్నిచోట్ల కలదు. యోహాను సువార్త 8వ అధ్యాయములో ఈడ్చుకొని వచ్చిన స్త్రీ ఒక్కతెయే. పురుషుడు ఎక్కడ? ధర్మశాస్త్రము ఇద్దరిని గూర్చి చెప్పినను ఒక్కతెనే తెచ్చిరి. మన సంఘ పుస్తకములలోను పురుషుని పేరు వ్రాయబడదు. ప్రభువు రాళ్లు పట్టినవారిని పంపివేసిన తరువాతనే ఆమెతో మాటలాడెను. ఆమెకు చెప్పవలసిన మాట ఆయనకు ఉండెను, అయితే రాళ్ల యెదుట చెప్పలేదు. మనమును ఆ వరుసనే పాటింపవలెను. మొదట రాయి క్రిందపడవలెను, తరువాత కాపరి మాట.

ఒక ఆక్షేపణ

దూత హాగరును తిరిగి వెళ్లి అణగియుండుమనెను గదా, స్త్రీ అణగియుండుటయే దేవుని చిత్తము కాదా అని కొందరు వాదింతురు. ఆ అరణ్యములో గర్భవతికి ఆహారము లేదు, నీడ లేదు. ఆమెయు బిడ్డయు బ్రదుకుటకు ఆ దినమున ఉన్న మార్గము అదొక్కటే. పంపినప్పుడు దేవుడు ఆమె సంతానమును గూర్చి వాగ్దానమిచ్చి పంపెను. 21వ అధ్యాయములో ఆమె ఆ యింటినుండి వెలివేయబడినప్పుడు, దేవుడు ఆమెను మరల వెనుకకు పంపలేదు. ఆమె కన్నులు తెరచి నీళ్ల బావిని చూపించెను, స్వతంత్రురాలిగా బ్రదుకనిచ్చెను. గనుక కొట్టబడిన స్త్రీని ఇంటికి తిరిగి పంపుటకు ఈ వచనమును కర్రగా ఎత్తరాదు.

రక్షకుని కనుట విషయములో సహా దేవుడు నజరేతు కన్యకను బలవంతపెట్టలేదు. గబ్రియేలు వచ్చి తెలియజేసెను. ఆమె ఇది ఎట్లు జరుగునని ప్రశ్నించెను. దూత ఓర్పుతో ఉత్తరమిచ్చెను. అప్పుడు ఆమె తన సమ్మతి తెలిపెను. సర్వాధికారియైన దేవుడే ఒక గ్రామపు చిన్నదాని సమ్మతి వినువరకు దూతను నిలిపియుంచగా, మనమెవరము అడుగకుండుటకు?

గర్భిణి ఒకతెను ఆశీర్వదింప వెళ్లినప్పుడు అత్తమామలు, భర్త, ఆడబిడ్డ ఎందరో మాటలాడిరి. ఏ ఆసుపత్రి, ఎన్నవ నెలలో, ఆపరేషను ఎప్పుడు అని అంతయు తీర్మానించియుంచిరి. నేను ఆమె వైపు తిరిగి, “అమ్మా, నీ యిష్టమేమి?” అంటిని. ఆమె చుట్టు చూచి, “నన్నా అయ్యగారూ?” అనినది. ఆ రెండు మాటలలో ఎన్నో తరముల అలవాటు వినబడినది.

సువార్తకును దీనికిని సంబంధమేమి అనువారు మన మిషను చరిత్ర చూడవలెను. తమిళదేశపు తిండివనములో ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు ప్రసవవేదనలో ఉండగా, పురుష వైద్యుడు ముట్టరాదని వారి భర్తలు పట్టుబట్టిరి. తెల్లవారునప్పటికి ముగ్గురును చనిపోయిరి. ఆ ముగ్గురిని ఎవరడిగిరి? ఆ రాత్రిని చూచిన ఇడా స్కడర్ వైద్యము చదివి 1900లో తిరిగివచ్చి వెల్లూరులో స్త్రీల సేవ ప్రారంభించెను. అంతకు ముందే 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ మన గుంటూరునకు వచ్చి, 1898లో ఆసుపత్రిని తెరచెను. మన అవ్వలలో ఎందరో ఆ మంచములమీద బ్రదికి లేచినవారే. వారు వైద్యమును సువార్తకు ఎరగా పట్టుకొనలేదు. క్రీస్తు ముట్టినవారిని తామును ముట్టిరి.

కాబట్టి మన సంఘములలో ఈ పనులు చేయుదము. వివాహ ఆలోచన సమయమున వరుని వధువును ఇద్దరిని కూర్చుండబెట్టి పిల్లలను గూర్చి మాటలాడుదము. స్త్రీల సమాజమునకు ఏడాదికొకసారి ఏ.ఎన్.ఎమ్. అమ్మనైనను లేడీ డాక్టరునైనను పిలిచి ప్రశ్నలడుగనిత్తము. పురుషుల కూటములోను ఆపరేషను సంగతి సిగ్గుపడక చదువుదము. కోతపండుగ కానుకలలో కొంత తీసి బాలింతలకు నెలరోజుల పాలు గ్రుడ్లు ఇత్తము. పిల్లలు లేనివారిని బాప్తిస్మపు వేళ వెనుక బల్లకు నెట్టక, జ్ఞానతల్లిదండ్రులుగా ముందు నిలుపుదము. ఒక స్త్రీ జనసమూహములోనుండి, ప్రభువును మోసిన గర్భము ధన్యమని కేకవేసినప్పుడు, దేవుని వాక్యము విని గైకొనువారే ధన్యులని ప్రభువు సెలవిచ్చెను (లూకా 11:27, 28). తన తల్లిని ఆయన తక్కువ చేయలేదు. స్త్రీ గొప్పతనము గర్భమునందే లేదని, ఆమెయు వినునట్టి, నడచునట్టి శిష్యురాలని చెప్పెను.

ప్రార్థింతము: హాగరును చూచిన దేవా, హన్నా మొర వినిన తండ్రీ, మా యిండ్లలో మేము చూడనివారిని మాకు చూపించుము. మేము అడుగనివారిని అడుగుటకు మా నోళ్లు తెరువుము. వారు చెప్పునది వినుటకు మా చెవులు తెరువుము. మా చేతులలోని రాళ్లను క్రింద పడవేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.